గదువ

నాలుగేండ్ల సంది ఒకటే కథ రాస్తున్న.
టైంషీట్ల వెనుక, సిమెంటు సంచి చింపిన కాయితం మీద,
హసావియాల మా గది పైబంకు మీద బోర్ల పండుకొని.
మొదలు మాత్రం మారది:
దుమారం లేచిన నాడు ఒక కొత్త మనిషి వచ్చిండు.

మొదటిసారి వానికి కుంటికాలు పెట్టిన.
కింది బంకు ఆశాలు చదివించుకొని నవ్విండు.
"చెడ్డోడు కుంటుకుంట వస్తే
ఉరికి తప్పించుకుందుము గదనే."
రెండోసారి కండ్లు ఎర్రగ చేసిన.
"దుమారం నాడు ఎవని కండ్లు ఎర్రగుండయ్?"
మూడోసారి నల్లంగీ తొడిగిన.
రాయచోటి ఖాదర్‌వలి ఖుబూస్ తుంచుకుంటా
"ఆ యెండలో నల్లచొక్కా యేసుకునేదానికి
వానికేమన్నా పిచ్చా?" అన్నాడు.

వాడు వచ్చింది తెల్లంగీల.
ఇస్త్రీ మడత చెదరలే.
ఆకాశం పసుపుముద్దయి, పట్టపగలే వీధి దీపాలు వెలిగి,
అన్నంల, దుప్పట్ల, పండ్ల సందుల
ఇసుక కరకరమంటుంటే
వాని బూట్ల మీద నలుసు లేదు.
నేను చూసిన. చూసి ఏమనుకున్న?
కార్ల వచ్చిండేమో అనుకున్న.

మన మాటే మాట్లాడిండు. ఏ జిల్లానో పట్టరాలే.
ఆశాలుతోని జగిత్యాల, ఖాదర్‌తోని రాయచోటి.
చాయ్ పోస్తే తాగలే,
గ్లాసు చేతుల పట్టుకొని సల్లారనిచ్చిండు.
ఎవ్వని పేరూ అడగలే.
ఒక్కటే అడిగిండు, అది గూడ నన్నే,
చెప్పులిడిచే కాడ, చెవిల చెప్పినట్టు:
"ఈ గదిల అందరికన్నా ఎక్కువ అప్పు ఎవరికున్నది తమ్మీ?"

మొగిలి అప్పుడు
కిటికీ సందుల తడి తువ్వాల కుక్కుతున్నడు.
వీపు మా దిక్కున్నది.
దొంగ వీసాకు ఒకసారి, నిజం వీసాకు ఒకసారి
ఏజెంటుకు రెండుసార్లు కట్టిన పైసలు ఆ వీపు మీద.

నేను నోరు తెరవలే.
గదువ ఎత్తిన. అంతే.
అటు దిక్కు, ఇంత.

వాడు నా చేతుల ఖర్జూరాల డబ్బ పెట్టిండు.
అందరం తిన్నం. మొగిలి రెండు తిన్నడు.

బతాకా జిరాక్సు ఒకటి, సంతకాలు మూడు,
చేతుల యాభై దీనార్లు.
నలభై ఒక్క దినాలకు పోలీసులొచ్చి
మొగిలికి చెప్పిన్రు, నీకొక కంపెనీ ఉన్నదని.
ఆయనకు నవ్వొచ్చింది గూడ, నిజంగ.
జీపెక్కుకుంట వెనుకకు తిరిగి
"నా తువ్వాల మిద్దె మీద ఆరుతున్నది, తియ్యున్రి" అన్నడు.

ఆ మనిషెట్లుంటడని మమ్ముల అడిగిన్రు.
మీసమున్నదని ఆశాలు. లేదని ఖాదర్.
పోశెట్టికైతే ఆ దినం దుమారమే యాదికున్నది.
నేను గ్లాసు గురించి చెప్పిన,
నిండు గ్లాసు, మీద మీగడ కట్టింది అని.
వాళ్లు రాసుకోలే.

ఇగ కథ సంగతి.
ఎన్నిసార్లు రాసినా, నా కథల
వాడు లోపలికొచ్చి సక్కగ మొగిలి కాడికే పోతడు.
దయ్యానికి అన్నీ తెలుస్తయి గదా,
ఎవని మీద ఎంత బరువున్నదో వాసన పడతడు గదా.
అట్ల రాస్తే కథ మంచిగ నడుస్తది.
చదివినోళ్లు ఒళ్లు జలదరించిందన్నరు.

కని వానికేం తెల్వదు.
తెల్వకనే గద అడిగిండు.
గడప కాడ గుడ్డోని లెక్క నిలబడి
ఒక గదువ కోసం చూసిండు.
ఈ వాక్యం కాడికొస్తే పెన్ను ఆగుతది,
ఇస్త్రీ చెయ్యని నా అంగీ అడ్డమొస్తది.

మొన్న శుక్రారం మళ్ల దుమారం.
మొగిలి బంకుకు కొత్త పిలగాడొచ్చిండు, ధర్మపురి దిక్కు.
బూట్ల నిండ మన్ను. పేరు భూమేష్.
సంచి దించి, సుట్టూ చూసి, నన్నే అడిగిండు:
"అన్నా, ఈడ ఎవలతోని జర పైలంగుండాలె?"

గదిల తొమ్మిదిమందిమి ఉన్నం.
నేను గదువ ఛాతికి ఆనిచ్చుకొని
కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంట కూసున్న.