సగం రాయి

ఫిబ్రవరి. మటగామికి ఉత్తరాన, మైనస్ ముప్ఫై ఒకటి.
గొట్టంలో నీళ్ళు గడ్డకట్టకుండా
రాత్రంతా పొయ్యి దగ్గరే కూర్చున్నాడు రేజాన్.

నా పని రాళ్ళు చదవడం.
చెక్కపెట్టెల్లో వరసలుగా, మణికట్టంత లావు కడ్డీలు.
తడిపితే గాని నోరు విప్పవు.
నాలుగు వందల పన్నెండో మీటరు దగ్గర
తెల్లరాతిలో ఆవగింజంత పసుపు!
సూదితో గుచ్చాను. బంగారమైతే గుంట పడేది.
పొడి రాలింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతారే,
మాకు ఎలుక కూడా అక్కర్లేదు.
ఎలుక ఉందేమోనన్న అనుమానాన్ని
షేరు పదకొండు సెంట్లకు అమ్ముకుని బతుకుతున్నాం.

కంపెనీ అంటే టొరంటోలో
పళ్ళ డాక్టరు మేడమీద ఓ అద్దెగది,
గోడకు మ్యాపు, చెవికి ఫోను అతుక్కుపోయిన డెస్మండ్.
గని లేదు. దొరికినా మేం తవ్వం,
పెద్దవాళ్ళకు అమ్మేసి పక్క అడవికి పోతాం.

పదహారు బోర్లు కాదన్నాయి.
డెస్మండ్‌కి అవి పోయిన డబ్బు.
నేను ఒక్కో కాదు దగ్గర పెన్సిలు చుక్క పెట్టాను,
చుక్కలు కలిపితే
భూమి ఎక్కడ మడతపడిందో కనిపించింది.
మేం పండించిందేమైనా ఉంటే ఆ గీతే.

ఇలైజా స్నోమొబైల్ ఆపి లోపలికొచ్చాడు.
ఈ నేల మీద ఉచ్చులు పెట్టే హక్కు వాళ్ళింటిది,
బోరు మూతలు ఎక్కడున్నాయో రాసుకుపోతాడు.
"మీరు ఓడితే వెళ్ళిపోతారు,
గెలిస్తే ఉండిపోతారు.
నన్నేం కోరుకోమంటావు?"
టీ పోశాను. ఇంకేం చెప్పను?

రంపం కింద కడ్డీ నిలువునా చీలుతుంది.
సగం ల్యాబుకు, సగం పెట్టెలోకి.
ఆ పాత షెడ్డులోనే దొరికింది నాకు
ఎనభై ఏడు నాటి పెట్టె ఒకటి.
ఆ కంపెనీ పేరు మూడుసార్లు మారి చచ్చిపోయింది.
మూత లోపల ఎవరిదో వంకర రాత:
"ఇంకో ముప్ఫై మీటర్లు దిగాలి. డబ్బయిపోయింది."

పదిహేడో బోరు
అతను ఆగిన చోటి కిందికే దిగుతోంది.
ల్యాబు ఆరు వారాలంటోంది.
డెస్మండ్ దగ్గర అయిదు వారాలకే ఉన్నాయి.

పెట్టె మూత తిరగేసి
పెన్సిలు చెక్కుతున్నాను.