ఒక నూలు సందు

మురకంబట్టు దాటినాక, టైర్ల షాపు పక్కన
రేకుల నీడలో నిలబడుంది నా బండి.
కోడిగుడ్డును నిలువునా కోసి
చక్రాల మీద బోర్లించినట్టు ఉంటుంది.
పైన మీగడ రంగు, కింద మామిడిపిందె పచ్చ,
మధ్యలో స్టీలు పట్టీ.

పాత బండి కాదు, పాత బండిలా చేయించింది.
రెండేళ్ళు నిండలేదు ఇంకా.
ఫోనులో బొమ్మ చూసి, చీటీ ఎత్తి,
చాలకపోతే గాజులు కుదువ పెట్టి
కోయంబత్తూరు నించి తెప్పించినాను.
ఎవరి పాతకాలమో అది,
మా గిరింపేటలో ఎవరి తాతా దాంట్లో తిరగలేదు.
అయినా తినడానికొచ్చినోళ్ళు
"మా చిన్నప్పుడు ఇట్లాంటివే కదా" అంటారు.
నేను కాదనను. ఇంకో దోసె పోస్తాను.

మొన్న మే నెలలో ఎడమ పక్క పలక ఉబ్బింది.
మొదట అరచేయంత,
పది దినాలకు చేటంత.
లోపల పెనం, బయట చిత్తూరు ఎండ,
నడిమధ్య అది.
రాత్రి పొయ్యి ఆర్పినాక
చల్లబడతా చల్లబడతా "టక్" మనేది,
చీకట్లో ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు.
మా మరిది వచ్చి నాలుగు రివిట్లు ఎక్కువ కొట్టినాడు.
ఉబ్బు జానెడు పక్కకు జరిగింది.

చెంగల్రాయుడు పార్కులకు పులుల్ని పోస్తాడు.
అతని షెడ్డులో తల లేని జిరాఫీ ఒకటి
గోడకానుకోని ఉంటుంది ఎప్పుడూ.
రూపాయి బిళ్ళతో పలకంతా తట్టుకుంటా పోయినాడు:
టంగు, టంగు, టంగు, డొబ్బు.
డొబ్బన్న చోట సుద్దతో గీత గీసినాడు.
"సాపు చేసేస్తావా?" అన్నాను.
"సాపు చేస్తే మళ్ళా లేస్తుందక్కా.
సాపు దాటి అవతలికి వంచాల.
వదిలినాక అదే వచ్చి మధ్యలో నిలబడతాది."

నలభై ఒక్క రివిట్టు. అన్నీ తొలిచి తీసినాడు.
పలక వెనక చూడ్డం అదే మొదలు.
చిక్కు తీయని జుట్టులా గాజు నార,
దాని మీద పెన్సిలుతో తమిళంలో ఏదో.
మా అమ్మది గుడియాత్తం, కూడబలుక్కోగలను:
"ఎడమ." అంతే.
కింద రెండు గీతలు ఎందుకు గీసినాడో ఆ పిల్లోడు.

రెండు లైట్ల వేడికి పలక మెత్తబడింది.
దుంగలు, బిగింపులు, రెండు ఇసుక మూటలు.
జిలానీ మగ్గులో తేనె రంగు జిగురు కలిపి
సూదితో మందు చుక్కలు లెక్కపెట్టినాడు.
"ఈ ఎండకి సగమే చాలు,
లేకుంటే మగ్గులోనే పొగలొచ్చి రాయైపోతాది."
నిలువునా చీల్చిన పైపు ముక్కలు
పక్కటెముకల్లా అతికించి
పైన నార పరిచి, బుడగ లేకుండా కుంచెతో పొడిచి పొడిచి.
గాజు పొడి నా మోచేతుల్లోకి దిగింది.
గోకొద్దన్నారు. గోకినాను.

ఆ రాత్రి వ్యాపారం లేదు.
పిండి పులిసిపోతుందని షెడ్డులోనే పొయ్యి పెట్టి
టైర్ల షాపోళ్ళకీ జిలానీకీ పోసినాను.
అందరి దోసెలకీ జిగురు వాసనే.

తెల్లారి బిగింపులు ఊడదీస్తే
పలక ఒకసారి "టక్" మని
కొంచెం పైకొచ్చి ఆగింది.
కొలబద్ద అడ్డం పెట్టి చూసినాడు.
ఒక్క చోట వెంట్రుకంత వెలుగు.
"ఉండనీలే" అన్నాడు.

బిగించే ముందు ప్రతి బొక్కనీ
ఒక నూలు పెద్దది చేసినాడు.
"వదులైతే ఊడిపోదా?"
"బిగిస్తేనే పోయేది.
మధ్యాన్నం అది పెరుగుతాదక్కా.
పెరిగేదానికి చోటు లేకుంటే ఇంకెటు పోతాది?"
ముప్పై ఏడు కొత్త రివిట్లు, ఒక్కోదాని కిందా రబ్బరు బిళ్ళ.
మా మరిది బొక్కలు నాలుగూ పూడ్చేసినాడు.

రంగు మాత్రం కలవలేదు.
అతికిన చోట పచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.
నిన్న సాయంత్రం ఒకాయన
చట్నీ వేలు తుడుచుకుంటా దాన్ని చూసి
"ఏమ్మా, ఇక్కడేమైంది?" అన్నాడు.

"పాత బండి కదన్నా" అన్నాను.