నోకి తిన్న తల

అక్టోబరు వాన పట్టుకుందంటే
నేసెల్ ఏరు కంపు కొడుతుంది.
గుడ్లు పెట్టేసి, ఒళ్లు చివికి, తోకలు తెల్లబారిన సాల్మన్లు
రాళ్ల మధ్య పక్కకి ఒరిగి ఉంటాయి.
ఎలుగు వచ్చి తింటుంది. గద్ద ముందు కళ్లు పొడుచుకుంటుంది.
మా పిల్లి కూడా మూతి నాక్కుంటూ ఇంటికొస్తుంది.
ఎవరికీ ఏమీ కాదు.

తల వేసింది నేనే.
దొంగతనంగా తిన్నదని చెప్పుకుంటే బాగుండేది.
బల్ల మీద చేప కోస్తుంటే
నా మోకాలికి గడ్డం ఆనించి చూసింది నోకి.
ఆ చూపుకి ఎవరైనా ఏదో ఒకటి వేస్తారు.

ఐదు రోజులు మామూలే.
ఉడతల్ని తరిమింది, పోస్టు బండి మీద మొరిగింది.
ఆరో రోజు నేను ట్రక్కు తాళాలు గలగలలాడించినా
లేవలేదు.
ముక్కు పెనంలా కాలుతోంది.
నేల మీద నెత్తురు జిగట.

డాక్టర్ విల్లడీన్ దాని దవడ కింద నొక్కి చూసింది:
గోలీల్లా గడ్డలు.
"పచ్చి చేప తిన్నదా?"
అడిగిన తీరులో తప్పు పట్టడం లేదు. అదే తట్టుకోలేకపోయాను.

సూక్ష్మదర్శిని నా వైపు తిప్పింది.
బంగారు రంగు గుడ్లు, ఎంత ముద్దుగా ఉన్నాయో.
చేపనడిగితే పురుగును చూపిస్తుందట.
పురుగు కడుపులో దానికే తెలియని ఇంకో ప్రాణి,
కుక్కను చంపేది అదేనట.
పురుగునడిగితే నత్తను చూపిస్తుంది,
నత్త ఏటిని.
ఏరు ఎవరినీ చూపించదు,
దాని పాటికి అది పోతుంది.

మా నాన్న పేరు ఓన్ని. ఫిన్లాండు మాటలో అదృష్టమని.
"ఒకసారి తిని బతికిన కుక్కకి ఇక చావులేదు" అనేవాడు,
తలలు విసురుతూ.
బతికిన రెండింటి పేర్లూ చివరిదాకా చెప్పాడు.
ఆపిల్ చెట్టు కింద రాళ్లు
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
ఆ రాత్రి టార్చి పట్టుకుని వెళ్లాను.
పదకొండు.
ఒకటి చాలా చిన్నది, కూనదేమో.

మందు ఎక్కింది. నాలుగో నాడు
నోకి గంజి రెండు గుక్కలు తాగి
నా చెయ్యి నాకింది,
నా చెయ్యి, అదే చెయ్యి.

నిన్న పక్కింటి పిల్లాడు ఆర్వో
కాగితంలో చుట్టిన ట్రౌట్‌తో గుమ్మంలో నిలబడ్డాడు.
తనే పట్టాడట. జబ్బుపడి లేచిందిగా, దానికట.
బూట్ల నిండా నీళ్లు, మొహం నిండా వెలుగు.
వాడికి ఏమని చెప్పను?

లోపలికి రమ్మన్నాను.
పొయ్యి ముట్టించి
ముల్లు విడేదాకా ఉడికించాం ఇద్దరం.
నోకి మా మధ్య కూర్చుని
తోకతో నేలని కొడుతూనే ఉంది,
ఇంత ఆలస్యం ఎందుకో
దానికి అర్థం కాక.