ముప్పావు నిమిషం

నూట ఇరవై ప్రశ్నలు, తొంభై నిమిషాలు.
బీకాం ఫైనలియర్ కదా, లెక్క వేశాను:
ఒక్కో ప్రశ్నకు ముప్పావు నిమిషం.
కాలేజీ అయ్యాక నా మధ్యాహ్నాలు
పురానీ హవేలీ కోర్టు గేటు ఎదురుగా,
మొయిజ్ భాయ్ జిరాక్స్ దుకాణంలో
పేజీకి రెండు రూపాయల చొప్పున పోతాయి.

గైడు కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నది.
మొదటి పేజీలో ఆకుపచ్చ ఇంకుతో 'ఫర్‌హీన్' అని ఉంది.
పాసై అమ్మిందో, మానేసి అమ్మిందో.
నలభయ్యో పేజీ దాకా ఆమె పెన్సిల్ టిక్కులు,
అక్కడి నుంచి తెల్లగా.
నలభై ఒకటి నుంచి నావి.

క్లాసులో అందరూ హైటెక్ సిటీ ఇంటర్వ్యూలకు
ఒకే నీలం చొక్కా మార్చుకుని మార్చుకుని వెళ్తున్నారు.
"లా ఎందుకే, జీఎస్టీ నేర్చుకోరాదు?" అంటుంది నిహారిక.
నా దగ్గర మంచి జవాబు లేదు.
గాజు పలక మీంచి లేచిన కాగితాల
వెచ్చదనం ఒకటి ఉంది, అంతే.
మిషను కక్కిన ప్రతిసారీ
పైనున్న వాక్యం చదివేస్తాను. తప్పే.
'పై షెడ్యూలు ఆస్తికి తూర్పున బాట, పడమర బావి...'
ఆ బావి ఇంకా ఉందో లేదో
ఏ కాగితమూ చెప్పదు.

నిన్న, టోనరు అయిపోవస్తున్న వేళ,
జియాగూడ నుంచి ఒకామె వచ్చింది. రుక్కవ్వ.
కొంగుముడి విప్పితే చిల్లర, మాత్రల చీటీ,
నాలుగు మడతల కోర్టు కాగితం.
"రెండు నకళ్లు తియ్యి బిడ్డా" అని,
కాసేపాగి,
"ఇండ్ల ఏమున్నదో జర చెప్తవా?"

అరవై గజాల జాగా. ప్రతివాది నంబరు రెండు, తనే.
కింద: ఎక్స్ పార్టీ.
నాకొచ్చు ఈ ప్రశ్న! అరవై రెండో పేజీ,
జవాబు సి, ఒక పక్షం హాజరు లేకుండా.
మొన్న మాక్ టెస్టులో ఐదు సెకన్లు పట్టలేదు.
ఇప్పుడు మిషను ఆపి,
గొంతు తడుపుకుని, మాట వెతుక్కుని,
"నువ్వు లేంగనే తీర్పు అయిపోయిందవ్వా."

"లేకేం బిడ్డా, ఉన్న.
ఉస్మానియాల ఉన్న.
ఆయినకు రక్తం కడుగుతుంటే బెంచీ మీద కూసున్న.
వారానికి రెండు దినాలు. అడగమను సిస్టర్ను."

ఎ, బి, సి, డి.
ఆ బెంచీ ఎక్కడా లేదు.

ముప్పై రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చని ఎక్కడో చదివాను.
తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను.
ఇరవై ఆరా, ఇరవై ఏడా?
మధ్యలో ఫిబ్రవరి వచ్చి తడబెట్టింది.
"సలహా నక్కో బేటీ, నకల్ నికాలో"
అన్నాడు మొయిజ్ భాయ్, తలెత్తకుండా.
అన్నవాడే కౌంటరు దిగి, చెప్పులు వెతుక్కుని,
ఎండలో ఆమెను రోడ్డు దాటించి
ఉచిత న్యాయ సహాయం గది ఎటో
వేలు పెట్టి చూపించాడు.

వెళ్లే ముందు నాలుగు రూపాయలు లెక్కపెట్టి పెట్టింది.
వద్దంటే ఊరుకోలేదు.
"నువ్వు వకీలువా?"
కాదన్నాను.
"ఎప్పుడైతవ్?"

ఫారం నింపే తేదీలే ఇంకా రాలేదు.
ఆరో సెమిస్టరు కాస్టింగ్ మిగిలింది.
సీటొస్తే మూడేళ్లు, ఆపైన ఎవరి కిందో ఫైళ్లు మొయ్యడం...
నేను కూడుకునేలోపు
ఆమె గేటు లోపల ఉంది.

ట్రేలో వంకరగా పడ్డ నకలొకటి మిగిలితే
దుకాణం రివాజు ప్రకారం చింపేశాను.
రాత్రి క్యాలెండరు తీసి చూశాను.
ఇరవై ఏడే.
మిగిలినవి మూడు, అందులో ఒకటి ఆదివారం.

గైడు తెరిచి, అరవై రెండో పేజీలో
సి పక్కన, పెన్సిలుతో, చిన్నగా రాశాను:
'ఉస్మానియాలో ఉంది.'
నేను పాసై అమ్మినా, మానేసి అమ్మినా
కొన్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగుతారు,
ముప్పావు నిమిషం దాటిపోయినా సరే.