కాంటా మీద

మిర్యాలగూడ బైపాసు మీద కాంటా నాది.
అంటే, ఓనరుది. రాత్రిపూట నాది.
లారీకీ లారీకీ నడుమ పావుగంట,
ఒక్కోపారి గంట.
ఆ సందుల చదువుకుంద్దామని
అగ్గువది ఏదన్న చూడమన్న
హనుమాన్‌పేట ఖలీలును.

ఫోన్ల చదువరాదే అన్నడు.
ఫోన్లయితే ఓనరు పిలుస్తడు,
బాకీలోడు పిలుస్తడు,
రెండు పేజీలకే కండ్లు మంట.

మూడు బయటవెట్టిండు.
కొత్తదొకటి, నా నెల జీతంకన్న బరువు.
ఇంకోటి రంగులది. నాకు బొమ్మలెందుకు?
మూడోది ఎవరో వాడి ఇడిసింది,
మూలకు గీత, మూడువేల రెండొందలు.
"వెయ్యి పుస్తకాలు పడతయన్నా!"
నాకు ఒక్కటి వడితే చాలు,
అది ఒడిసేదాకా.

నా పరీక్ష నాకున్నది.
జ్యోత్స్న అని కొట్టమన్న.
"ఎవరన్నా ఆమె?"
ఎవ్వలు గాదురా,
ఒత్తులు నిలుస్తయా, ఊడుతయా అని.
నిలిచినయ్. డబ్బాలు రాలే.

పాతాయన నవల ఒకటి అండ్లనే ఉంది,
నలభైమూడు శాతం కాడ ఆగి.
తుడిచేస్త అన్నడు. ఉండనీ అన్న.

రాత్రి రెండింటికి, వడ్ల లారీ దిగినంక
దాన్ని కాంటా నడుమ పెట్టి
లోపలికొచ్చి చూసిన.
పది కిలోల లోపు దేన్నీ లెక్కజెయ్యదు నా కాంటా.
సున్న.
చిట్టీ కొట్టి జేబుల ఏసుకున్న.

ఆయన ఎందుకాపిండో
నలభైఏడుకొచ్చినా తెలుస్తలేదు.
బయట ఎవడో హారన్ కొడుతుండు.
కొట్టనీ,
ఈ పేరా అయిపోనీ.