పీట

మా వెర్నెల్ అత్త టొలీడో తపాలా ఆఫీసులో
రాత్రి డ్యూటీ గుమాస్తా.
ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడే ఉత్తరాలు గళ్లలో వేసింది.
నిలబడే అంటే, మొదటి నాలుగేళ్లు.
తరవాత పీట వచ్చింది.

అప్పుడామెకి ఏడో నెల.
చీలమండలు రొట్టెల్లా పొంగాయి.
కూర్చోడానికి ఏదైనా ఇప్పించండంటే
సూపర్‌వైజరు గడియారం వైపు చూసి,
"నువ్వు కూర్చుంటే నీ చేతులూ కూర్చుంటాయి" అన్నాడు.

యూనియన్‌లో కాజ్మరెక్ అని ఓ పోలిష్ పెద్దాయన.
మీటింగుల్లో నిద్రపోయేవాడు.
మా నల్లవాళ్ల పేర్లు ఒక్కటీ సరిగ్గా పలికేవాడు కాదు,
అత్తని ఓ రోజు వెర్నా, ఓ రోజు వెల్మా.
ఫిర్యాదు కాగితం మీద మాత్రం
ఒక్క అక్షరం తప్పు పోలేదు.
మూడు కాపీలు, మధ్య మధ్య కార్బను.
"కోరుతున్న పరిష్కారం" అన్న గడిలో:
ఒక పీట.

కాగితం మెట్లెక్కింది.
మొదటి మెట్టు మీద కాదన్నారు.
రెండో మెట్టు మీద చూద్దామన్నారు.
క్లీవ్‌లాండ్ పోయింది. అక్కడెవరో
పీట అంటే ఏమిటో నిర్వచించమన్నారట.
నిర్వచించారు: కాళ్లు నాలుగు, వీపు లేదు,
ఎత్తు మనిషి నడుము దాకా.

పదకొండు నెలలకి వచ్చింది.
అప్పటికి అత్త కూతురు గోడ పట్టుకుని లేస్తోంది.

"మరి నీకేం ఒరిగింది?" అని అడిగాను చిన్నప్పుడు.
"పక్క వరసలో డోలరెస్‌కి అయిదో నెల" అంది,
బంగాళాదుంప తొక్క తెగకుండా తీస్తూ.

సర్కారు ఉద్యోగం అనగానే
బ్యాంకువాడు కుర్చీ చూపించాడట.
మా వంశంలో బ్యాంకులో కూర్చున్న మొదటి మనిషి.
ఇల్లు, ఆ ఇంటి వసారా, కూతురి పళ్లకి తీగలు,
మా నాన్న జైలు పాలైన ఏడాది నాకు కోటు,
అన్నీ ఆ చెక్కులోంచే. రెండు వారాలకో శుక్రవారం,
సూర్యుడు తప్పినా అది తప్పలేదు.

ఇప్పుడు నేను.
నా కారు, నా పెట్రోలు, నా మోకాళ్లు.
రోజుకి నూట అరవై పెట్టెలు.
ఎడమకి తిరుగు, అంటుంది ఫోను.
నాలుగు నిమిషాలు ఆలస్యం, అంటుంది.
ఒంటేలుకి ఆగిన చోటు మ్యాపులో ఎర్రచుక్క.
నేను ఉద్యోగిని కానట, భాగస్వామినట.
నా భాగమేదో, ఆ స్వామి ఎవరో
ఇంతవరకూ తేలలేదు.

ఎన్నికలొస్తే చాలు,
శ్రమకి పెద్దపీట వేస్తామంటారు.
మా ఇంట్లో పీట కొలతలు తెలుసు.
పెద్దది ఎవరడిగారు?

సర్కారు కొలువులు దండగని
మొన్న టీవీలో ఎవరో అంటుంటే
అత్త లేచి, టీవీ ఆపి, సొరుగు లాగి
ఆ కాగితం మూడో కాపీ నా ఒళ్లో పెట్టింది.
ఊదారంగు వెలిసిపోయింది.
పీట అన్న మాట ఒక్కటే
వేలితో తడిమినా తెలిసేంత లోతుగా ఉంది.
కాజ్మరెక్ అంత నొక్కి రాసేవాడు,
అడుగు కాపీ దాకా దిగాలని.

ఇవాళ పొద్దున్న అయిదింటికి గోదాము గేటు ముందు మంచు.
నా కారులో హీటరు పనిచేస్తుందని ఇవొన్ ఎక్కింది,
వెనక సీట్లోకి ఘస్సాన్.
కాగితం చేతులు మారింది.
"ఇలాంటిది మనం ఎవరికివ్వాలి?" అన్నాడతను.
ఎవరికో నాకూ తెలీదు.
మాకు మొదటి మెట్టే లేదు, కాదనడానికైనా
ఒక మనిషి మొహం లేదు.

మూడు ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలెట్టాయి.
ఇవొన్ ఓ పెట్టె మీది చీటీ ఊడబెరికి,
వెనక్కి తిప్పి,
మోకాలి మీద పెట్టుకుని ఒకటి అంకె వేసింది.
చలికి పెన్ను సరిగా పడటం లేదు.

నొక్కి రాయి, అన్నాను.