ఏడో గడిలో నక్షత్రం

చిత్తూరు దర్గా సర్కిల్ దాటినాక
బెల్లం రైతుల పరపతి సంఘం మేడమీద
కోబాల్ ఇంకా బతికే ఉంది.
నెలాఖరు రాత్రి ఒంటరిగా కూర్చుని వడ్డీ కడుతుంది.
కింద మండీలో దిమ్మెలకు చీమలు పడతాయి గానీ
దాని లెక్కకు ఇంతవరకూ పట్టలేదు.

దాన్ని దించేయడానికి నన్ను పిలిచారు.
నా కొత్త భాష నాలుగు వరసల్లో తేల్చేదాన్ని
అది నాలుగు పేజీలు చెబుతుంది,
రిజిస్ట్రారుకు అర్జీ రాసుకున్నట్టు:
అసలును రేటుతో హెచ్చించు,
వచ్చినదాన్ని వడ్డీలో వెయ్యి, చుక్క.
ఆ చుక్క ఒక్కటి మరిచిపోతే
పక్కింటి సామానంతా ఈ ఇంటిదైపోతుంది.

నవ్వుకున్నాను.
ఫోన్ నంబరుకు చోటే లేదు,
పేరుకు ఇరవై గడులు, అవీ ఇంగ్లీషు అక్షరాలకి.
బంగారుపాళ్యం ఖాతాలో ఒకావిడ
గుడియాత్తం వెంకటము దగ్గర తెగిపోయింది.
మిగిలిన నిలక్ష్మమ్మ
ముప్పయ్యేళ్లుగా గుమ్మం బయటే నిలబడి
లోపలున్న సగం పేరు మీద అప్పు కడుతోంది.

నాది తొమ్మిది సెకన్లలో అయిపోయింది.
మూడువేల నూట పన్నెండు ఖాతాలు.
పదిహేను రూపాయల నలభై ఒక్క పైసా ఎక్కువ.

నాదే తప్పనుకున్నాను, కొంత నాదే.
పది పైసలకు ఇరవై కలిపితే
నా భాష ముప్పై అంటూనే
చివర ఎక్కడో కంటికానని నలుసొకటి దాచుకుంటుంది.
ఆ నలుసులన్నీ ఏరేశాను.
అయినా పదిహేను రూపాయల నలభై ఒక్క పైసా.
ఆడిటరు, టీకి చాలని డబ్బు, సర్దేయమన్నాడు.
మూడు రాత్రులు నిద్ర రాలేదు.

కట్టమంచి నించి మోపెడ్ మీద వచ్చాడు చెంగల్రాయులు,
ఎనభై ఎనిమిదిలో దాన్ని రాసినాయన.
కళ్లద్దాలకు ఒక కాడే ఉంది.
తెర వైపు చూడనే లేదు,
బీరువాలోంచి పాత కాగితాల కట్ట తీసి
ఉమ్మి తడిచేసుకుని తిప్పాడు.

"ఏడో గడిలో నక్షత్రం పెడితే
ఆ వరస మిషను చదవదు మే.
అది మనుషులకు రాసింది."

మిషను చదవని వరసలన్నీ
మొదటి రోజే తీసిపారేసి చదివాను నేను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఉందక్కడ:
సగం పైసా రైతుది. ముట్టుకోవద్దు. చెం.రా.

"రౌండెడ్ అని ఒక్క మాట చేరిస్తే
సగం దాటిన పైసా సంఘానికి పోతాది.
ఆ మాట నేను మర్చిపోయినా అనుకున్నారు అందరూ.
మరవలే."

ఎవరైనా చెప్పారా, తీర్మానం ఏదైనా ఉందా
అని అడిగాను.
టీ గ్లాసు కిటికీలో పెట్టి
"ఆ యేడు చెరుకు ఎండిపోయింది" అన్నాడు.
మోపెడ్ మూడుసార్లు తొక్కితే గానీ అందుకోలేదు.

ఆ రాత్రి సగం పైసాను నేనూ వదిలేశాను.
నా భాషలో ఏడో గడి లేదు,
ఎక్కడ పడితే అక్కడ రాసుకోవచ్చు.
ఆయన వాక్యం ఆయన పేరుతోనే ఎక్కించి
కింద నా పొడి అక్షరాలు పెట్టాను.
తేడా సున్నా వచ్చింది.

పేరు గడికి హద్దు తీసేశాను.
పొద్దున బంగారుపాళ్యం పాసుపుస్తకం అచ్చువేస్తే
వెంకటమునిలక్ష్మమ్మ పూర్తిగా వచ్చింది,
గీత దాటి,
బాకీ అంకెల మీదికి ఎక్కి.
అచ్చు కాగితం ఇంకా ఇరవై గడులదే.